కింద లైట్లున్న బండిని చీకటిపడే వేళ ఫోటో తీయడం: పర్లాకిమిడి తమ్ముడికి జవాబు

తమ్ముడూ, నువ్వు పెట్టిన మూడు ఫోటోలూ పెద్దవి చేసి చూశాను. మీ బావగారి ముదురు ఎరుపు స్విఫ్టు, అడుగున నీలం ఎల్‌ఈడీ పట్టీలు, పర్లాకిమిడిలో ఇంటి ముందు తారు రోడ్డు, టైము రాత్రి ఎనిమిది. కెమెరా కేనన్ 1500డి, దాంతోపాటు వచ్చిన 18-55 లెన్సు, చేత్తో పట్టుకుని తీశావు, ఐఎస్‌ఓ (పట్టిన వెలుగుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 3200. బండి నల్లటి ముద్దలా ఉంది. నేల మీద నీలం ఉండాల్సిన చోట వెలుగు ఎక్కువై తెల్లగా కాలిపోయింది. ఆకాశం మట్టిరంగులో గరుకుగా ఉంది. ఫోనులో తీసినదాన్లో అడ్డంగా చారలు పడ్డాయి. మాఘంలో బావగారి పెళ్ళి, ఊరేగింపుకి ముందు బండితో ఒక మంచి ఫోటో కావాలి, ఏ సెట్టింగు పెట్టాలి, ఎక్కువ వెలుగు పట్టే లెన్సు కొనాలా అని అడిగావు.

లెన్సు కొనకు. ఉన్నది చాలు. నువ్వు మార్చాల్సింది ముందు టైము. రాత్రి ఎనిమిదికి తీస్తున్న ఫోటో, ఈ డిసెంబరు రోజుల్లో అయితే, సాయంత్రం ఐదున్నరకి తియ్యాలి.

నేను ఒడిశా బరంపురంలో పాతికేళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తున్నాను. ఈమధ్య ఏడెనిమిదేళ్ళుగా పెళ్ళికొడుకు బండికి కూడా ఫోటో అడుగుతున్నారు, అందులోనూ కింద లైట్లున్న బండ్లు ఎక్కువయ్యాయి. ఎక్కువమంది చేసే పొరపాటు నువ్వు చేసిందే. లైట్లు బాగా కనపడాలంటే బాగా చీకటి పడాలి అనుకుంటారు. కంటికి అది నిజం. కెమెరాకి కాదు.

ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను, ఇది అర్థమైతే మిగతాదంతా నీకే తెలుస్తుంది. ఫ్లాష్ అయితే కన్ను మూసి తెరిచేలోపు వెలిగి ఆరిపోతుంది. అందుకని షట్టరు (వెలుగుని లోపలికి వదిలే తెర) ఎంతసేపు తెరిచినా ఫ్లాష్ వెలుగు అంతే ఉంటుంది, వెనకున్న ఆకాశం వెలుగు మాత్రం పెరుగుతుంది. పెళ్ళిళ్ళలో మేం వెనక డెకరేషను కావాలన్నప్పుడు షట్టరు ఎక్కువసేపు తెరిచి చేసే పని అదే. కింద లైట్లు అలా కాదు. అవి వెలుగుతూనే ఉంటాయి, ఆకాశమూ వెలుగుతూనే ఉంటుంది. షట్టరు సమయం పెంచితే రెండూ పెరుగుతాయి, అపెర్చరు (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) చిన్నది చేస్తే రెండూ తగ్గుతాయి, ఐఎస్‌ఓ మార్చినా అంతే. పాలూ నీళ్ళూ కలిపేసిన చెంబులోంచి గరిటెడు పోసినా గ్లాసెడు పోసినా పాలు చిక్కబడవు. కెమెరా మీదున్న మూడు సెట్టింగులూ ఎంత పొయ్యాలన్నదే చెప్తాయి. చిక్కదనం కెమెరా బయటే తేలాలి.

రాత్రి ఎనిమిదికి నీ బండి దగ్గర కింద నేల మీద వెలుగు పుష్కలం, పైన బాడీ మీద దాదాపు సున్నా. రెండింటి మధ్య అంత తేడాని ఏ కెమెరా ఒక్క ఫోటోలో పట్టుకోలేదు. బండి కనపడేలా తీస్తే నేల కాలిపోతుంది, నేల బాగుండేలా తీస్తే బండి మాయమైపోతుంది. నీ మూడు ఫోటోల్లో ఒకటి ఇటు పోయింది, రెండు అటు పోయాయి.

సూర్యుడు గుంకిన తర్వాత ఆకాశం మొత్తం ఒక పెద్ద తెల్లగుడ్డ పందిరిలా బండి మీద మెత్తటి వెలుగు పరుస్తుంది. ఆ వెలుగు నిమిషనిమిషానికీ తగ్గుతుంది. తగ్గుతూ తగ్గుతూ కింద లైట్ల వెలుగుతో సమానమయ్యే ఘడియ ఒకటి వస్తుంది. బాడీ మీది వంపులు ఇంకా కనపడుతుంటాయి, నేల మీద రంగు పైకి తేలుతుంది. మన వైపు సూర్యుడు దిగంతం కిందకి ఆరు డిగ్రీలు దిగడానికి 22 నుంచి 24 నిమిషాలు పడుతుంది. నీ పని మొత్తం ఆ ఇరవై చిల్లర నిమిషాల్లోనే. నా లెక్కలో అస్తమయం తర్వాత 10వ నిమిషం నుంచి 20వ నిమిషం దాకా బంగారం. ఆపైన ఇంకో ఐదారు నిమిషాలు లైట్లు మందం చేసి లాక్కురావచ్చు.

టైములు కూడా చెప్తాను. డిసెంబరు మధ్యలో బరంపురంలో ఐదుంపావుకి సూర్యుడు గుంకుతాడు, మీ పర్లాకిమిడిలో ఇంకో మూడు నిమిషాలు ఆలస్యం. ఫిబ్రవరి మధ్యకి మీకు ఆరు కావస్తుంది. జూన్‌లో ఆరున్నర. దీంట్లో ఒక సంగతి గుర్తుంచుకో. మా పెద్దమ్మ మనవడు మహారాష్ట్రలో ధర్మాబాద్‌లో ఉంటాడు, వాడికీ ఇదే పిచ్చి. ఒకసారి నేను చెప్పిన టైము పట్టుకుని వెళ్ళి, ఇంకా ఎండగానే ఉందని ఫోను చేశాడు. గడియారం ఒకటే గాని బరంపురానికీ ధర్మాబాద్‌కీ మధ్య దాదాపు ఏడు డిగ్రీల రేఖాంశం తేడా ఉంది, అంటే దాదాపు అరగంట. కాబట్టి ఎవరో చెప్పిన టైము కాదు, మీ ఊరి అస్తమయం చూసుకుని అక్కణ్ణించి నిమిషాలు లెక్కపెట్టు.

సెట్టింగులు. స్టాండు తప్పనిసరి, దీని మీద బేరం లేదు. ఐఎస్‌ఓ 100, అపెర్చరు 8, మాన్యువల్ మోడ్. అస్తమయం తర్వాత పన్నెండు పదిహేను నిమిషాలకి ఒకటి రెండు సెకన్లతో మొదలుపెట్టు. ఇరవయ్యో నిమిషానికి అది ఆరు ఎనిమిది సెకన్లకి చేరుతుంది, ఆ తర్వాత పదిహేను, ఇరవై. మబ్బుంటే చీకటి తొందరగా పడుతుంది, ఈ లెక్కంతా ఇంకా ముందే వస్తుంది. ప్రతి రెండు నిమిషాలకీ ఒక ఫోటో తీసి చూసుకుంటూ పో, ఒకటే అంకె పట్టుకుని కూర్చోకు. లెన్సు మీద స్టెబిలైజరు (చేతి వణుకుని సరిచేసేది) మీట ఆపెయ్, స్టాండు మీద అది మేలు చెయ్యదు. రెండు సెకన్ల టైమరు పెట్టి బటను నొక్కు. ఫోకస్ కోసం ఒకర్ని హెడ్‌లైటు అంచు మీద టార్చి కొట్టమను, లైవ్ వ్యూలో (వెనక స్క్రీను మీద చూసే పద్ధతి) పదింతలు పెద్దది చేసి చూసి తిప్పుకుని, ఆ తర్వాత మాన్యువల్ ఫోకస్‌లోకి మార్చి ఇక ముట్టుకోకు. మెనూలో లాంగ్ ఎక్స్‌పోజరు నాయిస్ రిడక్షన్ అని ఉంటుంది, అది ఆపు. అది ఆన్‌లో ఉంటే ఎనిమిది సెకన్ల ఫోటో తర్వాత కెమెరా ఇంకో ఎనిమిది సెకన్లు తనలో తను పని చేసుకుంటుంది. ఉన్న పది నిమిషాల్లో సగం దానికి పోతే ఎలా?

జూమ్ 18 దగ్గర పెట్టి బండి దగ్గరకి వెళ్ళకు. బానెట్టు ఉబ్బి, వెనక భాగం కుంచించుకుపోతుంది. నీ ఫోటోల్లో స్విఫ్టు బొమ్మ కారులా కనపడడానికి అది సగం కారణం. 45, 50 దగ్గర పెట్టి ఏడెనిమిది మీటర్లు వెనక్కి జరుగు. ముందు చక్రం కొంచెం తిప్పించు, అల్లాయ్ చక్రం ముఖం కెమెరా వైపు రావాలి, టైరు పళ్ళు కాదు. ఇంజను ఆపు. ఐడిలింగ్‌లో బాడీ వణుకు కంటికి తెలీదు గాని పది సెకన్ల ఫోటోలో అంచులన్నీ మెత్తబడిపోతాయి.

ఇప్పుడు నీలం సంగతి. అన్ని రంగుల్లోకీ కెమెరాని ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే. సెన్సారు మీద ప్రతి నాలుగు గళ్ళలో రెండు పచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం ఉంటాయి. పట్టుచీర అంచులో కుంభాల్లాగ అదే వరస మళ్ళీమళ్ళీ వస్తుంది. కొడాక్‌లో బ్రైస్ బేయర్ అనే ఆయన తయారుచేశాడు, 1976లో పేటెంటు వచ్చింది. ఇప్పటికీ దాదాపు అన్ని కెమెరాల్లోనూ అదే. నీ కెమెరాకి 2 కోట్ల 40 లక్షల గళ్ళుంటే, అచ్చమైన నీలం వెలుగు పడ్డప్పుడు సరిగా పనిచేసేవి అందులో నాలుగో వంతు, 60 లక్షలు. అందుకే నీలం ఉన్న చోట వివరం తగ్గుతుంది, గరుకు పెరుగుతుంది.

ఇంకోటి ఇంతకంటే మోసం. కెమెరా చూపించే ప్రకాశం హిస్టోగ్రామ్‌లో (ఫోటోలో చీకటి ఎంత, వెలుగు ఎంత అని చూపే గ్రాఫు) మూడు రంగులకీ సమాన వాటా ఉండదు. మన కన్ను ఎలా చూస్తుందో దాన్నిబట్టి పచ్చకి సగానికి పైగా, నీలానికి పదో వంతు అటూ ఇటూ ఇస్తారు. అంటే నీలం పూర్తిగా కాలిపోయినా ఆ గ్రాఫు "ఇంకా చాలా చోటుంది" అన్నట్టు నిమ్మళంగా కూర్చుంటుంది. నీ రెండో ఫోటోలో జరిగింది అదే. ఫోటో చూసేటప్పుడు డిస్ప్ (DISP) బటను నొక్కుతూ పోతే ఎరుపు, పచ్చ, నీలం మూడు గ్రాఫులు విడివిడిగా వస్తాయి. నీలం గ్రాఫు కుడి గోడకి, అంటే మరీ వెలుగు వైపు అంచుకి, అతుక్కుందో లేదో అది ఒక్కటే చూడు. అతుక్కుంటే షట్టరు సమయం సగానికి తగ్గించు, లేదా రిమోటుతో లైట్లు మందం చెయ్. అచ్చమైన ఒకే రంగు వెలుగు ఒకసారి కాలిపోతే అక్కడ నేల ఏ రకమో, గచ్చా ఇసకా అన్నది కూడా తెలీదు, కంప్యూటర్లో ఎంత లాగినా చదునైన రంగు మరకే మిగులుతుంది.

రా ఫైల్లో (కెమెరా దిద్దకుండా పట్టింది పట్టినట్టు దాచే ఫైలు) తియ్యి. వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనపడేలా రంగులు దిద్దే అమరిక) ఆటోలో ఉంటే కెమెరా ఆ నీలాన్ని తప్పనుకుని దిద్దబోయి ఒక్కో ఫోటోకి ఒక్కో రంగు ఇస్తుంది. నీ కెమెరాలో కెల్విన్ అంకె (వెలుగు రంగు కొలత) నేరుగా పెట్టే వీలు లేదు, కాబట్టి తెల్ల ఫ్లోరసెంటు గుర్తు మీద పెట్టుకో, అది సుమారు 4000. లేదా బల్బు గుర్తు, 3200. ఏదో ఒకటి పెట్టి అన్నీ అదే దాన్లో తీస్తే తర్వాత రా ఫైల్లో కలిపి మార్చుకోవచ్చు.

రంగు ఎంపిక గురించి నా మాట సూటిగా చెప్తాను, బావగారికి నచ్చకపోవచ్చు. ఎర్ర బండి కింద నీలం వద్దు. ఎర్ర పెయింటు ఎర్రగా కనపడేది అది ఎరుపుని వెనక్కిచ్చి మిగతా రంగులు మింగేస్తుంది కాబట్టి. దాని మీద నీలం పడితే వెనక్కి ఇవ్వడానికి ఏమీ ఉండదు, నల్లగా మారిపోతుంది. పై పూత మెరుపులో కాస్త నీలం గీత కనపడుతుంది తప్ప పెయింటు రంగు రాదు. పైగా ఆ వేళకి ఆకాశమూ నీలమే. ఆకాశం నీలం, నేల నీలం, మధ్యలో నల్లబండి. అదే రిమోటులో కాషాయం నొక్కి చూడు. నీలి ఆకాశం కింద ఆ వెచ్చటి వెలుగు దీపావళి ప్రమిదల వరసలా లేస్తుంది, ఎర్ర పెయింటు అంచులు నిప్పులా పట్టుకుంటాయి. గులాబీ రంగు కూడా బాగుంటుంది. రిమోటులో తెలుపు నొక్కకు, మూడు రంగుల్నీ కలిపి చేసిన ఆ తెలుపులో పెయింటు రోగిష్టిగా కనపడుతుంది. వెండిరంగు, తెల్ల బండ్లకి ఈ ఇబ్బంది లేదు, ఏ రంగు వేస్తే ఆ రంగు తీసుకుంటాయి.

నేల. తారు రోడ్డు వెలుగుని తాగేస్తుంది. పెట్టిన లైట్లలో కెమెరాకి తిరిగొచ్చేది చాలా తక్కువ. నాకు దొరికిన చోట్లన్నిట్లోకీ ఉత్తమమైనది రైసు మిల్లు గచ్చు. ఉప్పుడు ధాన్యం ఆరబోసే ఆ సిమెంటు కళ్లం మీద రంగు ఎంత బాగా పరుచుకుంటుందో ఒక్కసారి చూస్తే ఇంకెక్కడికీ వెళ్ళవు. లేత బూడిదరంగు, చదునుగా, ఎకరంలో సగం ఉంటుంది, చుట్టూ వీధిదీపాలుండవు, నెత్తిన ఆకాశం మొత్తం మనదే. మీ వైపు కూడా మిల్లులున్నాయి. యజమానిని అడిగి, ధాన్యం లేని రోజు చూసుకుని, గచ్చు ఊడిపించుకుని తీసుకో. గింజలుంటే చక్రాల కింద నలుగుతాయి, వాళ్ళకి నష్టం, ఆ తర్వాత ఇంకెవరికీ అనుమతివ్వరు.

నేల తడిపితే మెరుపు రెట్టింపవుతుందని అందరూ చెప్తారు. నిజమే, కానీ అందులో ఒక చిక్కుంది. పొడి గచ్చు వెలుగుని చెదరగొడుతుంది, పరుచుకున్న రంగు కనపడుతుంది. నీళ్ళు నిలిస్తే అది అద్దం. అద్దంలో కనపడేది రంగు కాదు, పట్టీ మీద ఒక్కొక్క బల్బు చుక్క. మొన్న కార్తీకంలో ఒక తెల్ల బండికి నాలుగు బకెట్లు పోయించాను, స్క్రీను మీద చూస్తే బండి కింద పూసల దండ పరిచినట్టు చుక్కలు. నీళ్ళు చీపురుతో లాగించి, తడి మాత్రం మిగిల్చి, స్టాండు ఒక జానెడు పైకి లేపాక చుక్కలు కరిగి రంగు తివాసీలా అయింది. కాబట్టి తడి ఉండాలి, మడుగు ఉండకూడదు. పాల రంగు సిలికాను తొడుగున్న పట్టీలైతే ఈ బాధ తక్కువ.

ఎత్తు గురించి ఇంకో మాట. నేలకి ఆనించి తీస్తే బండి గంభీరంగా ఉంటుందని కెమెరా కింద పెట్టేస్తారు. అలా పెడితే బండి కిందనుంచి అవతలి వైపు పట్టీ నేరుగా లెన్సులోకి కొడుతుంది, ఫోటో అంతా పొగ పట్టినట్టవుతుంది. మోకాలి ఎత్తు నాకు సరిపోయింది. తప్పదనుకుంటే అవతలి పట్టీ తీగ ఊడదీసి, ఇవతలిది మాత్రం వెలిగించు.

ఇప్పుడు బాడీ. ఆకాశం వెలుగు వంపులు చూపిస్తుంది గాని పదును ఇవ్వదు. ఆ పదును కోసం కరెంటు పోయినప్పుడు వాడే రీచార్జి ట్యూబులైటు ఒకటి పట్టుకెళ్ళు. దాని మీద తెల్ల పంచె ఒక పొర చుట్టు, వెనక వైపు నల్ల చార్టు అంటించు. షట్టరు పది సెకన్లు పెట్టి, ముదురు రంగు బట్టలేసుకున్న మనిషిని ట్యూబు భుజం ఎత్తున అడ్డంగా పట్టుకుని, వెలుగు బండి వైపు ఉండేలా, బానెట్టు నుంచి డిక్కీ దాకా కెమెరాకీ బండికీ మధ్యలోంచి నడిపించు. నడిచే మనిషి ఫోటోలో పడడు. ఎక్కడా ఆగడు కాబట్టి, ముదురు బట్టలు కాబట్టి, కెమెరా వైపు నల్ల చార్టు కాబట్టి. తలుపుల మీదుగా బండి పొడవునా ఒకే తెల్లగీత పడుతుంది, కంసాలి సాగదీసిన వెండి తీగలా. బావగారు నీలమే కావాలని పట్టుబడితే ఈ గీతే నీకు దిక్కు, ఎరుపు కనపడేది దీనివల్లే.

మొదటి రెండు మూడు సార్లు గీత వంకరపోతుంది. నడక మధ్యలో మనిషి ఒక్క అర సెకను తడబడితే అక్కడ గీత మీద ముడి పడుతుంది. చెయ్యి రెండంగుళాలు దిగితే గీత అలలా ఊగుతుంది. నేను గచ్చు మీద సుద్దముక్కతో గీత గీసి దాని మీద నడవమంటాను, చేతికి ఎత్తు గుర్తుండడానికి ట్యూబుని భుజానికి ఆనించుకోమంటాను. మా దగ్గర పనిచేసే ఒడియా కుర్రాడు నాలుగు రోజులు సాధన చేశాడు, ఇప్పుడు ఒక్క ఊపులో గీస్తాడు. నీకు మాఘం దాకా టైముంది, ఇంట్లో ఎవరో ఒకర్ని ఇప్పట్నుంచే తయారుచెయ్.

హెడ్‌లైట్లు ఆపు. పార్కింగు లైట్లు కావాలంటే పది సెకన్ల ఫోటోలో ఒక్క సెకను వెలిగించి ఆపమను, లోపల కూర్చున్న మనిషి కదలకుండా చేస్తే చాలు. తలుపు మాత్రం తియ్యకూడదు, లోపలి దీపం వెలుగుతుంది.

ఫోనులో పడ్డ చారలకి కారణం లైట్లే. చవక కంట్రోలర్లు వెలుగు తగ్గించడానికి కరెంటు తగ్గించవు, సెకనుకి వందలసార్లు వెలిగించి ఆర్పుతాయి. కన్ను దాన్ని మందంగా చూస్తుంది. ఫోను సెన్సారు ఫోటోని పై వరస నుంచి కింద వరస దాకా చదువుతూ వస్తుంది, లైటు వెలిగినప్పుడు చదివిన వరసలు వెలుగ్గా, ఆరినప్పుడు చదివినవి చీకటిగా వస్తాయి. అవే చారలు. షట్టరు అర సెకను దాటితే వందల వెలుగులు కలిసిపోయి చారలు ఉండవు, కాబట్టి స్టాండు మీద కెమెరాతో నీకు ఈ సమస్యే రాదు. ఫోనుతోనే తియ్యాలంటే ప్రో మోడ్‌లో ఐఎస్‌ఓ 50 లేదా 100, షట్టరు ఒకటి రెండు సెకన్లు పెట్టి ఏదైనా ఆధారానికి బిగించు. వీడియో అయితే షట్టరు పెంచే దారి లేదు. అప్పుడు ఎరుపు, పచ్చ, నీలంలో ఒక్కటే ఎంచుకుని పూర్తి వెలుగులో పెట్టు, పూర్తిగా ఉన్నప్పుడు కంట్రోలరు ఆర్పదు. దగ్గర్లో వీధిదీపం ఉంటే షట్టరు సెకనులో యాభయ్యో వంతు గాని వందో వంతు గాని పెట్టు, మన కరెంటు 50 హెర్ట్జ్, దీపాలు సెకనుకి వందసార్లు మినుకుతాయి. పరిగెత్తే రంగుల మోడ్ ఫోటోకి పనికిరాదు, ఎనిమిది సెకన్లలో రంగులన్నీ కలిసి పాలిపోయిన తెలుపవుతుంది.

పది నిమిషాలూ దాటిపోయి చీకటి పడిపోతే కూడా ఒక దారి ఉంది, దానికి ముందుగానే సిద్ధపడాలి. స్టాండు కదపకుండా మొదట ఆకాశం బాగున్నప్పుడు లైట్లు ఆపి ఒక ఫోటో, తర్వాత చీకట్లో లైట్లు వేసి నీలం కాలకుండా ఒక ఫోటో, ట్యూబు గీతతో ఒకటి. కంప్యూటర్లో మూడింటినీ పొరలుగా వేసి పై పొరల్ని లైటెన్ మోడ్‌లో పెడితే ఒక్కోదాన్లో వెలుగున్న భాగమే పైకి వస్తుంది. పాలూ నీళ్ళూ కలపకముందే వేరే చెంబుల్లో పట్టుకోవడం లాంటిది ఇది. కానీ స్టాండు ఒక్క వెంట్రుకవాసి జరిగినా అంచులు రెండుగా కనపడతాయి.

దాని గురించి నాకు బాధ మిగిల్చిన అనుభవం ఒకటుంది. గోపాల్‌పూర్‌లో ఒక పెళ్ళికి సముద్రం ఒడ్డునే తియ్యాలన్నారు, నేనూ సరేనన్నాను. తడి ఇసక మీద స్టాండు పెట్టాను. అల వచ్చి వెనక్కి పోయినప్పుడల్లా స్టాండు కాళ్ళ కింద ఇసక కొంచెం కొంచెం లాగేసుకుపోయింది. ఆ చిన్న స్క్రీను మీద నాకు తెలీలేదు. ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే పదిహేను సెకన్ల ఫోటోలన్నీ రెండు బండ్లు అతికించినట్టున్నాయి. లెన్సు మీద ఉప్పుతుంపర పొర కట్టి ప్రతి లైటు చుట్టూ తెల్లటి వలయం. పెళ్ళికొడుకు మర్నాడే సూరత్ వెళ్ళిపోయాడు, మళ్ళీ తీసే అవకాశం లేదు. ఆ అబ్బాయి అమ్మగారు ఆల్బంలో ఆ పేజీ ఖాళీగా ఎందుకుందని అడిగిన రోజు ఇప్పటికీ మర్చిపోలేదు. ఉప్పుగాలికి రెండు నెలల్లో ఆ బండి పట్టీల కనెక్టర్లు కూడా పచ్చగా చిలుంపట్టాయి. సముద్రం ఎంత అందంగా పిలిచినా గట్టి నేల మీదే తియ్యి.

మీ వైపు చలికాలం సాయంత్రాలు మంచు త్వరగా దిగుతుంది. ఏసీ బండిలోంచి కెమెరా తీసిన వెంటనే లెన్సు మీద చెమట పడుతుంది, అందుకని పావుగంట ముందే బ్యాగులోంచి తీసి బయట ఉంచు. బానెట్టు మీద కూడా తేమ పడుతుంది, ఒక పొడిగుడ్డ జేబులో ఉండాలి.

బ్యాటరీ లెక్క. మీటరుకి 60 బల్బుల 5050 రకం పట్టీలు అన్ని రంగులూ పూర్తిగా వెలిగితే మీటరుకి 14.4 వాట్లు తింటాయి. పక్కలకి 120 సెంటీమీటర్లవి రెండు, ముందూ వెనకా 90వి రెండు అనుకో, మొత్తం 4.2 మీటర్లు, సుమారు 60 వాట్లు, 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు. చిన్న బండి బ్యాటరీ 35 ఆంపియర్-అవర్ చుట్టుపక్కల ఉంటుంది. గంట వెలిగిస్తే భయం లేదు. మూడు గంటలు ఇంజను ఆపి వెలిగిస్తే పెళ్ళికొడుకు బండిని నెట్టాల్సి రావచ్చు. ఫోటోకీ ఫోటోకీ మధ్య ఆపేస్తుండు.

రోడ్డు మీద మాత్రం ఆ లైట్లు వెయ్యకండి. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 108వది ముందువైపు ఎరుపు, వెనకవైపు ఎరుపు కాని రంగు చూపకూడదంటుంది. 1988 చట్టం 52వ సెక్షను కంపెనీ ఇచ్చిన స్వరూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చనివ్వదు. ఒడిశా వైపైనా ఇచ్ఛాపురం దాటి ఆంధ్రా వైపైనా ఇదే చట్టం. చట్టం సంగతి అటుంచు, రాత్రి హైవే మీద లారీ డ్రైవరుకి దూరం నుంచి నేల మీద వెలుగుతున్నదేమిటో అర్థం కాక ఒక్క క్షణం చూపు పక్కకి పోతే చాలు. 16వ నంబరు హైవే పక్కన బండి ఆపి ఫోటోలు తీసే కుర్రాళ్ళని చూస్తే నాకు గుండె జారిపోతుంది. గేటు మూసిన మిల్లు ఆవరణలో వెలిగించండి, గేటు దాటేముందు ఆర్పండి.

ఈ ఆదివారం ముహూర్తం సంగతి మర్చిపోయి ఒక్క ట్రయల్ వెయ్యి. నాలుగున్నరకల్లా బండి కడిగి గచ్చు మీద పెట్టండి, ఐదింటికి స్టాండు బిగించి ఫోకస్ చేసుకో. ఐదుంపావు దాటాక ప్రతి రెండు నిమిషాలకీ ఒకటి చొప్పున ఐదు యాభై దాకా తియ్యి, కాషాయం ఒకసారి, నీలం ఒకసారి. దిద్దకుండా అన్నీ వరసగా ఇక్కడ పెట్టు, నంబరు ప్లేటు మాత్రం చెరిపెయ్. ఏ నిమిషంలో మీ నేలకీ మీ లైట్లకీ తూకం కుదిరిందో అందులో కనపడుతుంది, ముహూర్తం నాటి అస్తమయానికి ఆ నిమిషాలు కలిపి నేను టైము చెప్తాను.